ద్రాక్షారామంలో చినబాబు గారి కూత

చినబాబు గారు నోరు తెరిస్తే లాకుల దగ్గర పడవలు కూడా ఆగి వినేవని మా కొత్తలంకలో ఓ మాట ఉంది. కాలవలో పడవలు తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది గనక అది అబద్ధమని తేల్చడానికి ఇప్పుడు వీల్లేదు. ఆ మాట పుట్టించింది కూడా ఆయనే.

ఆ రోజు పొద్దున్న మాత్రం ఆగింది వ్యాను. సుబ్బాయమ్మ టీ కొట్టు ముందు ఇంజను ఆపేసి నిలబడి ఉంది. లోపల కబడ్డీ కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు కాళ్ళు వేసుకుని కూర్చుని, ఎప్పుడెప్పుడని బయటికి తలలు పెట్టి చూస్తున్నారు. సాయంత్రం ఉప్పాడలో జూనియర్ల పోటీలు. అక్కడ బాగా ఆడినవాళ్ళని జిల్లా జట్టులోకి తీసుకుంటారని కబురొచ్చింది. అందరూ వచ్చారు గానీ, ఎవరిని చూసుకుని ఊరు వ్యాను కట్టిందో ఆ విజయ్ పాల్ ఒక్కడే రాలేదు.

విజయ్ పాల్ అబ్రహాము కొడుకు. అబ్రహాము ఆ లాకుల మీదే లస్కరు; తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూసి పైకి చెప్పడం అతని ఉద్యోగం. ఆ పొద్దున్న అతను మట్టం రాయి దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చాడు. చూసింది నీళ్ళని కాదు, గట్టుని. సుబ్బాయమ్మ ఇచ్చిన టీ చేతిలోనే చల్లారి మీగడ కట్టింది.

సంగతేంటంటే, జూనియర్లలో ఆడేవాడు డెబ్భై కిలోలు దాటకూడదు. ముందు రోజు సాయంత్రం కుర్రాణ్ణి రైసుమిల్లు కాటా మీద నిలబెడితే ముల్లు డెబ్భై దాటి హాయిగా అవతలికి వెళ్ళి కూర్చుంది. అందుకని వాడు చీకటితోనే లేచి, తండ్రికి ఆఫీసువాళ్ళిచ్చిన రెయిన్ కోటు తొడుక్కుని, చుక్క నీళ్ళు ముట్టకుండా గట్టు మీద పరుగు మొదలెట్టాడు. ఒంటికి చెమట పడితే బరువు దిగుతుందని ఎవరో చెప్పారు.

బరువు పెరగడానికి కారణం ఊరే. దసరాకి పక్కూరి వాళ్ళ మీద వాడొక్కడే గెలిపించేసరికి, ఇలాంటి ఆటగాణ్ణి కొత్తల్లుణ్ణి చూసినట్టు చూసుకోవాలని చినబాబు గారు తీర్మానం చేశారు. ఇంటికో పూట చొప్పున వంతులేశారు. గోదారి జిల్లాలో వంతులేసి భోజనం పెట్టమంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకింట్లో గారెలు వేస్తే పక్కింట్లో గారెలూ బూరెలూ వేశారు, ఆ పక్కింట్లో కోడిని కోశారు. వద్దంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని వాడు తిన్నాడు.

అబ్రహాము వద్దనొచ్చు. కానీ తనని ఏనాడూ అరుగెక్కమనని ఇళ్ళు కూడా తన కొడుకుని లోపలికి పిలిచి, పీటేసి, అరిటాకులో వడ్డిస్తుంటే అతనికి ఏం చెప్పాలో తోచలేదు. ఆ కబురు విని అతని భార్య ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుంది. వాడు తింటే వీళ్ళిద్దరి కడుపూ నిండేది. ఇప్పుడు ఆ తిండే భయమైంది. ఈసారి పేరు పోతే పై ఏడాదికి వాడికి ఈడు దాటిపోతుంది, జూనియర్లలో ఆడనివ్వరు. ఆ తర్వాత తనలాగే తలుపులెత్తుకోవాలి.

"నేను ముందే చెప్పాను," అన్నాడు ఎరువుల కొట్టు వెంకన్న, బల్ల మీద కాలు ఊపుతూ. "ఒక్క దసరా గెలిచాడు, నెత్తికెక్కించుకున్నారు. మిగతా కుర్రాళ్ళు కోర్టులో రాళ్ళేరి నీళ్ళు చల్లుతుంటే ఈయన కుర్చీలో కూర్చుని తువ్వాలు కప్పుకుంటాడు. వాళ్ళకేమో మరమరాలు, ఈయనకేమో పులుసులు. నిజంగా అంత ఆటగాడో కాదో ఎవరికి తెలుసండి? పట్టుమని పది ఊళ్ళు ఆడలేదు."

"ఆడతాడు," అన్నారు చినబాబు గారు.

ఆయన బల్ల మధ్యలో కూర్చున్నారు. అరవై దాటినా మీసం మాత్రం నల్లగా ఉంటుంది, ఎలాగన్నది మంగలికే తెలుసు. పక్కన నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది. దాని మూత సందుల్లోంచి బొమ్మిడాయిల పులుసు వాసన వచ్చి టీ వాసనని తరిమేసింది. అబ్రహాము అందాకా ఆ క్యారేజీ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాడు.

"అది... ఎవరికండీ బాబుగారూ?" అన్నాడు ఇంక ఉండబట్టలేక.

"ఇంకెవరికి? మీ వాడికే. పరుగెత్తి పరుగెత్తి వస్తాడు. వ్యానులో తింటాడని మా ఆవిడ నాగేశ్వరి తెల్లారకుండా లేచి చేసింది."

"ఉప్పాడలో మళ్ళీ తూస్తారటండి."

"తూస్తే తూచనీ. ఆటగాడి తిండి ఒంటికి పట్టదయ్యా అబ్రహామూ, కాళ్ళలోకి దిగిపోతుంది. నన్నడుగు. నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, ఉన్నది చెబుతాను. ద్రాక్షారామం పోటీల్లో ఏం జరిగిందో ఈ వెంకన్నకి తెలీదు గనక మాట్లాడుతున్నాడు."

"పోయినసారి అన్నవరం అన్నారు బాబాయ్," అన్నాడు వెంకన్న.

"అన్నవరంలో జరిగింది వేరురా. అది ఇంకా పెద్దది, నీకు అరగదు. ఇది ద్రాక్షారామం."

సుబ్బాయమ్మ పంపు స్టవ్వు మీద పాలు పెట్టి నిలబడి ఉంది. స్టవ్వు హోరులో ఆవిడకి సగం మాటలు వినపడవు. ద్రాక్షారామం అనేసరికి మాత్రం ఓసారి ఇటు చూసి, మళ్ళీ పాలు కలుపుకుంది. అది ఆవిడ పుట్టిల్లు.

"అప్పుడు నాకు మీ వాడి ఈడు, మహా అయితే ఓ రెండేళ్ళెక్కువ. కబడ్డీ కాదు, చెడుగుడు అనేవాళ్ళం. బరువులూ కాటాలూ ఏమీ లేవు, మగాడైతే చాలు. మమ్మల్ని గుడికి తూర్పు వీధిలో ఓ మోతుబరి ఇంట్లో దింపారు. ఆకుపచ్చ తలుపులు. అరుగు చివర విరిగిపోయిన తిరగలి. నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఆ ఇంటాయన బయటికొచ్చి, అందరినీ వదిలేసి, సరాసరి నా దగ్గరికొచ్చి, కొత్తలంక కూతగాడివి నువ్వేనా నాయనా అన్నాడు. మొహంలో తెలిసిపోయిందన్న మాట. మావాళ్ళందరికీ అటుకులూ బెల్లం. నాకొక్కడికీ లోపల ఆకేశారు."

"చూశారా, అప్పుడూ అంతే," అన్నాడు వెంకన్న.

"అప్పుడూ అంతే, ఎప్పుడూ అంతే. ఏనుగుకి అటుకులు పెడతావా? ఆ ఆకు చెప్పొద్దూ, వీధి తలుపంత ఉంది. పొట్టిక్కలు, గారెలు, ముద్దపప్పు, పనసపొట్టు, అందులో ఆవ. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయడం చూశాం కదా? వాళ్ళు నెయ్యిలో బూరెలు వేశారు. నేను చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డించారు. మర్యాదంటే వాళ్ళదే మర్యాద. తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం దవడన పెట్టుకుని, అలాగే కోర్టులోకి దిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడుకున్నారా?" అని వ్యానులోంచి ఎవడో అన్నాడు.

"నోర్ముయ్. కూతకెళ్ళాను. వెళుతూనే ఒకణ్ణి ముట్టుకున్నాను. ఒక్కణ్ణే. ఎక్కువ చెప్పడం నాకిష్టం ఉండదు. వాడు అవుట్. రెండో కూతలో ఇద్దరు. మూడో కూతకి వెళ్ళేసరికి వాళ్ళ పెద్ద అందరినీ పిలిచి, వీణ్ణి ఇలా వదిలేస్తే ఊరి పరువు పోతుంది, అవుటైనవాళ్ళు కూడా రండి, ఏడుగురం కలిసి పట్టేద్దాం అన్నాడు."

"అవుటైనవాళ్ళు ఎలా వస్తారండి?"

"వాళ్ళ ఊరు, వాళ్ళిష్టం. పట్టారు. ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు, ఒకడు నడుం, ఒకడు మెడ. ఏడోవాడికి పట్టుకోడానికి చోటు లేక నా పంచె పట్టుకున్నాడు. నేను చెడుగుడు చెడుగుడు అంటూ ఆ ఏడుగురినీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్య గీత ముట్టుకున్నాను."

వెంకన్న కాలు ఊపడం ఆపాడు. "అయితే అక్కడితో అయిపోయింది కదా బాబాయ్."

"ఎలా అయిపోతుందిరా? అంపైరు ఈల ఊదాలా? ఈల ఊదాలంటే గాలి ఉండాలి. ఆ దరిదాపుల్లో ఉన్న గాలంతా అప్పటికే నేను పీల్చేశాను. ఆయన బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు, చప్పుడు రావట్లేదు. ఈల పడకుండా వాళ్ళు వదలరు. వాళ్ళు వదలకుండా నేను కూతెందుకు ఆపాలి? అలాగే కోర్టు దాటి వీధిలోకి వచ్చాను."

అబ్రహాము లేచాడు. గట్టు మలుపు దగ్గర ఏదో కదిలినట్టయింది. గేదె. మళ్ళీ కూర్చున్నాడు. ఈ కథ అతను చాలాసార్లు విన్నాడు. ఒకసారి ఏడుగురు ఐదుగురయ్యారు, ఒకసారి అంపైరు మూర్ఛపోయాడు. మామూలప్పుడైతే అతనే ముందు నవ్వేవాడు. ఇవాళ ప్రతి మాటా క్యారేజీ దగ్గరికే తీసుకెళుతున్నట్టుంది. కొడుకు వచ్చి ఆ వాసన చూశాడంటే ఆగడు, వాడి సంగతి తనకి తెలుసు. వద్దని తను అనాలి. ఇంతమందిలో, వాడికి మొట్టమొదట ఆకేసిన పెద్దమనిషితో ఆ మాట ఎలా అనాలో తెలియట్లేదు.

"భీమేశ్వరస్వామి గుడి ముందు నుంచి వెళుతుంటే నా కూతకి గంట దానంతటదే మోగింది," చినబాబు గారు సాగించారు. "పూజారి హారతి పళ్ళెంతో బయటికొచ్చేశాడు. దణ్ణం పెట్టుకోడానికి చేతులు ఖాళీ లేవు, తలొంచాను, మెడ పట్టుకున్నవాడు కూడా వంగాడు, వాడికీ పుణ్యం వచ్చింది. కాలవలో దిగాను. ఈదుతున్నాను. ఏడుగురూ నా ఒంటి మీదే. ఆ దెబ్బకి నీళ్ళు పైకి లేచి, ఇదిగో మన లాకు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మీ నాన్ననడిగితే చెప్పేవాడు అబ్రహామూ, ఆయన డ్యూటీలో ఉన్నాడు."

"మా నాయన ఎప్పుడూ చెప్పలేదండి," అన్నాడు అబ్రహాము.

"నెమ్మదస్తుడు, చెప్పడు. అయితే దారిపొడుగునా ఊళ్ళున్నాయి కదా. ప్రతి ఊరివాళ్ళూ గట్టు మీదికొచ్చి, అయ్యో, మా ఊరి మీదుగా వెళుతూ భోజనం చెయ్యకుండా పోతారా అని అడ్డం పడ్డారు. కాదనగలమా? ఒక ఊళ్ళో పులిహోర, ఒక ఊళ్ళో కోడికూర, ఒక ఊళ్ళో పాయసం. అన్నీ తిన్నాను, కూత ఆగలేదు."

"తింటూ కూత ఎలా పెడతారు బాబాయ్?"

"ఎడం దవడతో తినడం, కుడి దవడతో కూత. సాధన చెయ్యాలి. ఆ ఏడుగురికి కూడా నోట్లో పెట్టించాను, పాపం ఆకలితో ఉంటారని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల ఎత్తి చూస్తే ఎదురుగుండా సముద్రం. ఉప్పాడ. ఇంక పోవడానికి నేల లేదు. సరే వెనక్కి తిరుగుదామని ఎడమ కాలు ఒడ్డున గట్టిగా ఆనించి తిరిగాను. ఒడ్డు విరిగిపోయింది. సముద్రం ఉప్పాడని కోసేస్తోందని ఇప్పుడు పేపర్లో రాస్తున్నారే, అది మొదలైంది ఆ రోజే. నా పేరు రాయొద్దని నేనే అన్నాను."

వ్యాను ఊగింది, కుర్రాళ్ళు నవ్వుతున్నారు. డ్రైవరు కూడా దిగొచ్చి బల్ల చివర కూర్చున్నాడు. జనం పెరిగేకొద్దీ చినబాబు గారి గొంతు పెరిగింది.

"మళ్ళీ అదే దారిన, అదే కూత మీద, దీపాలు పెట్టే వేళకి ద్రాక్షారామం చేరి మధ్య గీత తొక్కాను. అప్పటికి అంపైరుకి గాలి అందింది, ఈల ఊదాడు. ఏడుగురూ అవుట్. తర్వాత సరదాకి నన్ను తూచారు. తెల్లవారి ఎంతున్నానో అంతకంటే తగ్గాను. ఇన్ని ఊళ్ళు తిని తగ్గాను. అంచేత వెంకన్నా, ఆటగాడి తిండి దగ్గర నువ్వు లెక్కలు చూడకు. అబ్రహామూ, నువ్వు భయపడకు. వాడు రాగానే ఈ క్యారేజీ వాడి ఒళ్ళో పెట్టి..."

అప్పుడు స్టవ్వు హోరు ఆగిపోయింది. సుబ్బాయమ్మ గాలి తీసేసింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమయ్యేసరికి అందరూ అటు తిరిగారు.

"బాబుగారూ," అంది ఆవిడ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "తిరగలి విరిగిన అరుగన్నారు కదండి. తలుపులు ఆకుపచ్చవే కదండి?"

"ఆకుపచ్చవే. నేను చెప్పానుగా."

"అది మా ఇల్లండి. ఆ ఇంటాయన మా నాన్న. ద్రాక్షారామం జట్టుకి పెద్ద ఆయనే."

చినబాబు గారి చెయ్యి మీసం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"అప్పటికి నేను పరికిణీలు కట్టుకునే పిల్లనండి. కొత్తలంక కూతగాడు గట్టివాడు, ఆటలో ఆపలేం, ఆకు దగ్గరే ఆపాలి అని మా నాన్న మా అమ్మతో అన్నాడు. వద్దన్నా వినకుండా వెయ్యమన్నాడు. మీరు బాగా తిన్నారండి, అందులో అబద్ధం లేదు. తిని, అరుగు మీద తిరగలి పక్కన ఇలా ఒరిగారు. ఈగలు వాలి మీకు మెలకువ వస్తుందేమోనని నాకో విసనకర్ర ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు. చేతులు పడిపోయేలా విసిరానండి. మ్యాచ్ అయిపోయి, మీవాళ్ళు ఓడిపోయి వచ్చి లేపేదాకా మీరు లేవలేదు. అది మీరేనని ఇన్నేళ్ళూ నాకు తెలీదు. ఎప్పుడు చెప్పినా వేరే ఊరు చెప్పేవారు."

వెంకన్న నోరు సగం తెరిచి ఉంది.

"మీ కూత మాట కూడా నిజమేనండి," అంది సుబ్బాయమ్మ. "అంతసేపూ ఒక్క క్షణం ఆగలేదు. ఆ గురకకి మా అమ్మ పెరట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది."

ముందు డ్రైవరు నవ్వాడు. ఆ తర్వాత వ్యాను మొత్తం పగలబడి నవ్వింది. వెంకన్న బల్ల మీద నుంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. "ఏడుగురూ అరుగు మీదే పట్టుకున్నారన్న మాట," అని దగ్గుతూ అన్నాడు. అబ్రహాము నవ్వలేదు. ఆకు దగ్గరే ఆపాలి. ఆ మాట చెవిలో నిలిచిపోయింది. తన కొడుకుని ఏ శత్రువూ అక్కర్లేకుండా ఊరంతా ప్రేమగా కూర్చోబెట్టి ఆపేస్తోందనీ, తను పక్కన నిలబడి సంతోషిస్తూ విసురుతున్నాడనీ అతనికి అనిపించింది.

చినబాబు గారు తల వంచుకుని క్యారేజీ పిడిని పైకీ కిందికీ తిప్పుతూ కూర్చున్నారు.

అంతలో గట్టు మలుపు తిరిగి విజయ్ పాల్ వచ్చాడు. రెయిన్ కోటు లోపలి నుంచి చెమట మోకాళ్ళ మీదుగా కారుతోంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా కోటు విప్పి పడేసి, రోడ్డు దాటి మిల్లు కాటా ఎక్కాడు. అందరూ వెనకే వెళ్ళారు. ముల్లు ఊగింది, ఊగి ఊగి, డెబ్భై గీతకి వెంట్రుకవాసి అవతల నిలబడింది.

"ఉప్పాడ వెళ్ళేసరికి దిగుతుంది," అన్నాడు వెంకన్న. ఈసారి వెక్కిరింపు లేదు. "ఏమీ ముట్టకపోతే దిగుతుంది."

కుర్రాడు కాటా దిగి వ్యాను వైపు నడిచాడు. టీ కొట్టు ముందుకి వచ్చేసరికి ఆగాడు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు నేరుగా క్యారేజీ మీద పడ్డాయి. ఆ చూపులో ఆటా లేదు, జిల్లా జట్టూ లేదు, ఒట్టి ఆకలే ఉంది.

"అందులో ఏంటండీ బాబుగారూ?" అన్నాడు. "నాకేనా?"

చినబాబు గారు వాడి మొహం చూశారు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి క్యారేజీ మీద కప్పారు.

"ఖాళీదిరా. ఉప్పాడ నుంచి చేపలు తెచ్చుకుందామని పట్టుకొచ్చాను."

పులుసు వాసన తువ్వాలు మీదుగా అలాగే వస్తోంది. అక్కడున్న ఒక్కరు కూడా నవ్వలేదు. విజయ్ పాల్ నమ్మలేక తండ్రి వైపు తిరిగాడు.

ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే అబ్రహాము, కొడుకు కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నేను మూత తీసి చూశాను నాయనా," అన్నాడు. "ఖాళీదే. వ్యానెక్కు."